గద్వాల చీర, ఫోను తెర

మహబూబ్‌నగర్‌లో వెబ్‌సైట్లు తయారు చేస్తానని చెబితే ఇప్పటికీ కొందరు "అంటే నెట్ సెంటరా?" అని అడుగుతారు. ఆ సంగతి అలా ఉంచితే, ఈమధ్య గద్వాలలో ఒక చీరల దుకాణం వెబ్‌సైటును మళ్లీ కట్టే పని నా చేతికి వచ్చింది. పాతది చూడటానికి ఘనంగానే ఉంది. తెరవగానే మగ్గం ఆడే వీడియో, దాని మీద మంచు పట్టిన గాజు పలకలాంటి పెట్టె, అందులో సన్నటి బూడిద రంగు అక్షరాలు. ల్యాప్‌టాప్‌లో చూస్తే మెచ్చుకోవాలనే అనిపిస్తుంది. యజమాని మాత్రం తన ఫోను నా ముందు పెట్టి, "తమ్ముడూ, ఇందులో ధర ఎక్కడుందో చూపించు" అన్నారు.

ధర ఉంది. మౌసు బాణాన్ని చీర ఫోటో మీదికి తెస్తే బయటపడుతుంది. వేలికి ఆ సదుపాయం లేదు. తాకితే తాకినట్టు, లేకపోతే లేనట్టు. ఫోనులో చీర చూసేవాళ్ల దగ్గర ధర దాచి దొంగాట ఆడించడం నాకు ఒళ్లు మండించే ఫ్యాషన్.

అంతకన్నా పెద్ద అపచారం జూమ్‌ను ఆపేయడం. సంప్రదాయ గద్వాల చీర నూలుది. అంచు, కొంగు పట్టువి. నూలూ పట్టూ కలిసే చోట పోగులు ఎలా పట్టుకున్నాయో చూడకుండా తెలిసినవాళ్లు చీర తీసుకోరు. దుకాణంలో అయితే అంచు తిరగేసి వేళ్లతో తడుముతారు. ఫోనులో రెండు వేళ్లతో ఫోటోను సాగదీస్తారు. పేజీ అమరిక చెదురుతుందని కాబోలు, పాత సైటు చేసినవాళ్లు ఒక్క వరుస కోడుతో ఆ దారి మూసేశారు. ఐఫోన్ సఫారీ 2016 నుంచి ఇలాంటి ఆంక్షను లెక్కచేయడం లేదు. ఆండ్రాయిడ్‌లో క్రోమ్ మాత్రం, మనం సెట్టింగుల్లో మార్చుకుంటే తప్ప, బుద్ధిగా పాటిస్తుంది. నేను మొదట తీసేసింది ఆ వరుసనే. తర్వాత, అంచు కలిసే చోటును దగ్గరగా తీసిన ఫోటో ప్రతి చీరకూ ఉండాలని పట్టుబట్టాను.

ఇక తెలుగు అక్షరాల అవస్థ. ఈ సైట్ల నమూనాలు ఎక్కువగా ఇంగ్లీషు నింపి గీసినవి. ఇంగ్లీషు శీర్షికకు వరుస ఎత్తు అక్షరం కొలతకు 1.2 రెట్లుంటే సరిపోతుంది. అదే కొలతలో "స్వచ్ఛమైన పట్టు వస్త్రాలు" అని రెండు వరుసల్లో రాస్తే పై వరుస ఒత్తులు వెళ్లి కింది వరుస గుడులను గుద్దుకుంటాయి. ఎత్తు బిగించేసిన పెట్టెలో అయితే ఒత్తు సగానికి తెగుతుంది. నేను 1.6కు తగ్గను. బోల్డ్ రూపం లేని ఫాంటును బ్రౌజరే బలవంతంగా లావు చేస్తే అక్షరాల్లోని ఖాళీలు పూడిపోతాయి. అందుకే నోటో సాన్స్ తెలుగులా, సన్నవీ లావువీ విడివిడిగా గీసిన ఫాంటునే ఎంచుకుంటాను. లేత బూడిద రంగు గొప్పదనం తెలియాలంటే ఏప్రిల్ ఎండలో బస్టాండులో నిలబడి చదవాలి. మామూలు అక్షరాలకూ వాటి వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలని, వెబ్‌సైట్లు అందరూ చదవగలిగేలా ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు చెబుతాయి. వెనక వీడియో కదులుతుంటే ఆ నిష్పత్తి క్షణానికొక రకం. దేన్ని కొలవాలి?

తాకితే మెనూ తెరుచుకునే, మూలన దాక్కునే మూడు గీతల గుర్తును 1981 నాటి జిరాక్స్ స్టార్ కంప్యూటరు కోసం డిజైనర్ నార్మ్ కాక్స్ గీశారు. ఆయన మీద నాకు కోపం లేదు. నాలుగే పేజీలున్న దుకాణానికి అదెందుకని, తెర అడుగున బొటనవేలికి అందేచోట నాలుగు మాటలు పెట్టాను: చీరలు, కొత్తవి, మా దుకాణం, ఫోను.

కొత్తవన్నీ కొట్టిపారేసే రకాన్ని కాను. తెర వెడల్పును బట్టి పేజీయే సర్దుకోవాలని 2010లో వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ చెప్పిన పద్ధతిలోనే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాం. 2023కల్లా ప్రధాన బ్రౌజర్లన్నింటిలోకీ కంటైనర్ క్వెరీలు వచ్చాయి. వీటితో పేజీలోని ఒక్కొక్క ముక్క తెరను కాక, తనకు దొరికిన చోటును చూసుకుని సర్దుకుంటుంది. ఫోటో, ధర ఉన్న ఒకే ముక్క ఇరుకు చోట నిలువుగా, వెడల్పు చోట అడ్డంగా ఒదుగుతుంది. నాకు ఎంత చాకిరీ తప్పిందో చెప్పలేను.

తేలనిది రంగు. అదే చీర యజమాని ఫోనులో రాణీ రంగు, ఆయన కొడుకు ల్యాప్‌టాప్‌లో ఉల్లిపొర. రాత్రిపూట కళ్లకు హాయి కోసం పెట్టుకునే పసుపు వెలుగు తోడైతే మరొకటి. దీనికి నా దగ్గర కోడు లేదు. అందుకే ఫోటోలు పగటి వెలుగులో తీయమన్నాను, ప్రతి చీర కింద వీడియో కాల్‌కు బొత్తం పెట్టాను, రంగు పేరు కూడా రాయమన్నాను: నెమలికంఠం, చిలకపచ్చ, అలా. ఒక చీరను తండ్రి వంగపండు అంటే కొడుకు ద్రాక్ష అంటున్నాడు. వాళ్లలో వాళ్లు తేల్చుకునేదాకా ఆ చీర సైటులోకి ఎక్కదు.