కోతపండుగ రోజుల్లో 150వ కీర్తన

కీర్తనల గ్రంథంలో చివరిది 150వ కీర్తన. ఆరే ఆరు వచనాలు. మొర లేదు, పాపపు ఒప్పుకోలు లేదు, శత్రువు మీద ఫిర్యాదు లేదు, ఫలానాది ఇమ్మన్న విన్నపం కూడా లేదు. అవన్నీ ముందు కీర్తనల్లోనే దేవుడి దగ్గర చెప్పుకోవడం అయిపోయింది. “ఆయన పరిశుద్ధాలయమందు దేవుని స్తుతించుడి” అని మొదలై, “సకలప్రాణులు యెహోవాను స్తుతించుదురు గాక” దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఈ రెంటి మధ్యా ఉన్నవి చాలావరకు వాయిద్యాలే: బూర, స్వరమండలం, సితార, తంబుర, పిల్లనగ్రోవి. నాట్యం కూడా ఉంది. తాళాలకైతే ఒక వచనం మొత్తం కేటాయించాడు కీర్తనకారుడు.

అంటే మందిరం లోపల మొదలైన స్తుతి ఊపిరున్న ప్రతి ప్రాణి దాకా చేరడానికి ఆయన వేసిన దారి పాట మీదుగా, ఆట మీదుగా పోతోంది. ఎవరు వాయించాలో, ఎవరు వినాలో చెప్పలేదు. సభ్యత్వ రిజిస్టరు అడగలేదు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, గోదావరి డెల్టాలో పాత చర్చీలున్న చాలా ఊళ్లలో ఈ మధ్య ఒకే రకం చర్చ నడుస్తోంది. ఎత్తయిన కప్పు, మందపాటి సున్నపు గోడలు ఉన్న ఆ భవనాల్లో ఆదివారం ఆరాధన కాక సంగీత సభ పెట్టొచ్చా? పిల్లల బొమ్మల ప్రదర్శన పెట్టొచ్చా? ఊళ్లో అన్ని మతాల వాళ్లనీ పిలిచి కోలాటం ఆడించొచ్చా? ఇలాంటి మీటింగులో ఒక పెద్దాయన లేచి, “అయ్యగారండీ, ఇది దేవుని మందిరమా, ఫంక్షన్ హాలా అండి?” అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఆయన చేతిలో వాక్యం కూడా ఉంది: “నా మందిరము ప్రార్థన మందిరమనబడును.”

మత్తయి 21వ అధ్యాయంలో యేసు రూకలు మార్చేవారి బల్లలు పడదోసిన ఘట్టం అది. మనం సాధారణంగా 13వ వచనం దగ్గర పుస్తకం మూసేస్తాం. 14లో గుడ్డివాళ్లు, కుంటివాళ్లు అదే దేవాలయంలోకి ఆయన దగ్గరికి వస్తారు, స్వస్థత పొందుతారు. 15లో చిన్నపిల్లలు దేవాలయంలోనే “దావీదు కుమారునికి జయము” అని కేకలు వేస్తుంటే ప్రధానయాజకులకూ శాస్త్రులకూ ఒళ్లు మండుతుంది. యేసు పిల్లల పక్షమే తీసుకున్నాడు. కాబట్టి ఆయన ఖాళీ చేయించింది బేరాలను. ఆ ఖాళీలోకి వచ్చింది రోగులూ, పిల్లల గోలా.

ఈ తగువు మనకొక్కరికే వచ్చింది కాదు. ఇంగ్లండులో హెరిఫర్డ్, గ్లోస్టర్, వూస్టర్ అనే మూడు ఊళ్ల కెథడ్రళ్లు (బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చీలు) 18వ శతాబ్దం నుంచి వంతులవారీగా సంగీతోత్సవం జరుపుతున్నాయి. అక్కడ వసూలైన విరాళాలు పేద పాదిరీల వితంతువులకూ అనాథ పిల్లలకూ వెళ్లేవి. 1875లో వూస్టర్ వాళ్లకు ఇదే సందేహం వచ్చింది. ఆర్కెస్ట్రా వద్దు, పేరున్న గాయకులు వద్దు, ఆరాధనలూ, క్వయర్ అంటే చర్చి గాయక బృందం పాటలూ చాలన్నారు. జనం దాన్ని ‘ఉత్తుత్తి ఉత్సవం’ అని ఎగతాళి చేశారు. తర్వాత ఆర్కెస్ట్రా మళ్లీ లోపలికొచ్చింది. ఆ ఉత్సవం ఇప్పటికీ జరుగుతోంది.

మన దగ్గరికొస్తే, దోర్నకల్‌లో ఎపిఫనీ కెథడ్రల్ ఉంది. ఒకప్పుడు ఏలూరు, బందరు సంఘాలు కూడా ఆ డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే సంఘాల పరిధి) కిందికే వచ్చేవి. 1912లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు దాన్ని మన గుళ్ల మండపంలాంటి స్తంభాలతో, మసీదు గుమ్మటాల పోలికలతో కట్టించారు. 1939లో ప్రతిష్ఠ జరిగింది. కళ బయటినుంచి అతిథిగా వచ్చే సంగతే కాదక్కడ, గోడల్లోనే ఉంది. పాట సంగతీ అంతే. పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) కాలం నుంచీ తెలుగు క్రైస్తవ కీర్తనల మీద రాగం, తాళం పేర్లు అచ్చేస్తూనే ఉన్నారు. మేలుకొలుపులున్నాయి, మంగళాలున్నాయి. ఆ పేర్లు చదివి ఆ రాగంలో పాడగలిగేవాళ్లు ఎందరు మిగిలారన్నది వేరే బాధ.

ఒకటి చెప్పాలి. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో పనిచేసిన బౌడెన్, బీరు మిషనరీ కుటుంబాలది బ్రదరన్ అనే క్రైస్తవ శాఖ సంప్రదాయం. ఆ సంఘాల్లో రొట్టె విరిచే ఆరాధన (ప్రభు భోజనం) వాయిద్యం లేకుండా జరుపుకునే చోట్లున్నాయి. దాన్ని నేను తక్కువ చేయను. ఉత్త గొంతుతో వందమంది కలిసి పాడితే ఎలా ఉంటుందో విన్నవాళ్లెవరూ తక్కువ చేయలేరు.

నా దృష్టిలో మన డెల్టా చర్చీల్లో ఏటా జరిగే అసలైన కళా ప్రదర్శన కోతపండుగ. దానికి ఆ పేరు పెట్టుకోం, అంతే. వరి పనలు, కొబ్బరి గెలలు, చక్కెరకేళి అరటి గెల, కంద, గుమ్మడికాయ, కాళ్లు కట్టిన కోడిపుంజు అన్నీ బలిపీఠం ముందు చేరతాయి. పొలాలు చెరువులైపోయిన ఊళ్లలో వరి పన కోసం పక్క ఊరికి వెళ్లాల్సి వస్తోంది. రొయ్యల రైతు కవరులో డబ్బు పెట్టి తెస్తాడు. ఆరాధన అయ్యాక వేలంపాట. యాభై రూపాయల గుమ్మడికాయ ఐదొందలకు పోతుంది, కొన్నాయన దాన్ని మళ్లీ చర్చికే ఇచ్చేస్తాడు, మళ్లీ పాట మొదలు.

వీటన్నిట్లో నా కళ్లు గుమ్మానికి వేలాడదీసే వరి కుచ్చు మీదే ఉంటాయి. కాడల్లో ఇంకా కాస్త పచ్చిదనం ఉండగానే అల్లాలి, బాగా ఎండితే పుటుక్కున విరుగుతాయి. చేయి తిరిగినవాడు నేల మీద కూచుని, కాళ్ల మధ్య కంకులు పెట్టుకుని, కాడల్ని జడలా ఒకదాంట్లోంచి ఒకటి దూర్చుకుంటూ పోతాడు. కంకులు మాత్రం కిందికి వేలాడాలి. గుళ్లో మండపానికి కట్టే కుచ్చూ, చర్చి గుమ్మానికి కట్టే కుచ్చూ ఒకే చేతి పని అయిన ఊళ్లున్నాయి. కట్టిన మర్నాటికే పిచ్చుకలు దిగుతాయి. ప్రసంగం నడుస్తుంటే పైనుంచి ఊక రాలి గుమ్మం దగ్గరి బెంచీల వాళ్ల భుజాల మీద పడుతుంది. బలిపీఠం దగ్గరే పిచ్చుకకు గూడు దొరికిందని 84వ కీర్తనలో ఉంది. సకలప్రాణుల్లో అవీ ఉన్నాయి మరి. తోలేద్దామని లేచే కుర్రాళ్లను కూర్చోబెట్టడమే మంచిది.

సంగీత సభ పెట్టేవాళ్లకు ఒక చిన్న మాట. ఆ పాత కప్పు కింద పెద్ద సౌండ్ బాక్సులు పెడితే శబ్దం గోడ నుంచి గోడకు తిరిగి అంతా గుయ్యిమంటుంది, ఒక్క ముక్క అర్థం కాదు. బాక్సులు కట్టేసి వయొలిన్, తబలా, గొంతు మాత్రం వినండి. అందుకు సరిపోయేలా కట్టిన భవనాలవి.

ఇక డప్పు. క్రిస్మస్ క్యారల్స్‌కి వీధుల్లో తిరిగేటప్పుడు డప్పు ముందుంటుంది, చర్చి గేటు దాకా వస్తుంది. లోపల కీబోర్డు, ప్యాడ్స్. ఎందుకు గేటు దగ్గర ఆగిందో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. డప్పుకు అంటగట్టిన కులపు మచ్చను వదిలించుకోవాలనే మన పెద్దలు దాన్ని కింద పెట్టారు. వాళ్ల కష్టం వాళ్లది, ఆ నిర్ణయాన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. కానీ వాళ్ల మనవలు ఇప్పుడు తలెత్తుకుని వాయిస్తున్నారు. 150వ కీర్తనలో “గంభీరధ్వనిగల తాళములతో” అని చదివే చోట ఆ చేతులకు చోటివ్వాలి.

నాకు భయమంటూ ఉంటే అది సంగీతం గురించి కాదు, సభా మర్యాదల గురించి. ముందు వరుసలో సోఫాలు, గేటుకు ఫ్లెక్సీ, పాటకూ పాటకూ మధ్య శాలువాలు. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడిని మంచి చోట కూర్చోబెట్టి, పేదవాడిని అక్కడ నిలబడమన్న సంఘానికి గట్టి చీవాట్లే ఉన్నాయి. సభకు సోఫాలు అద్దెకు తెచ్చే డబ్బుతో ఇంకో నాలుగు చాపలు కొనొచ్చు. ముందొచ్చినవాళ్లు ముందు కూర్చుంటారు.