కళింగపట్నం ఒడ్డున తాబేలు గుడ్ల కాపలా

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం చేరేసరికి పొద్దు గూకింది. వంశధార నది సముద్రంలో కలిసే మొగ దగ్గర నుంచి దక్షిణంగా, నీటి అంచు వెంబడి నడక మొదలుపెట్టాం. ఫిబ్రవరి నెల. ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకెక్కేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకానే. ఒడిశాలోని రుషికుల్య, గహిర్మాత తీరాల్లో ఒక్కోసారి లక్షల్లో కలిసి ఎక్కుతాయి. ఇక్కడ అలా కాదు. ఒకటీ అరా, చీకట్లో, ఎక్కడ ఎక్కుతుందో చెప్పలేం. అందుకే ఇక్కడ కాపలా అంటే రాత్రంతా నడవడమే.

ముందు నడుస్తున్న ఇద్దరూ చేపల వేట కుటుంబాల కుర్రాళ్లు. టార్చికి ఎర్ర కాగితం చుట్టారు. మాలో ఒకరు ఫోను వెలిగించబోతే, "లైటెయ్యకండి బావూ, ఎనక్కెళిపోద్ది" అని ఆపారు. గుడ్లు పెట్టడం మొదలయ్యే దాకా తాబేలు అంత బెదురుగా ఉంటుంది.

జాడ కనిపించాక తొందరపడి తవ్వరు. పైకెక్కిన గీత, దిగిన గీత చూసి, ఇసుక చెదిరిన చోటును సన్నటి కర్రతో మెల్లగా నొక్కుతారు. గట్టిగా ఆనిందంటే గుంత లేనట్టే. కర్ర ఒక్కసారిగా జారితే కింద గుడ్లున్నట్టు. బలంగా పొడిస్తే పై గుడ్లు పగులుతాయి. ఆ వాసనకి చీమలు, పీతలు చేరితే మిగతా గుడ్లకీ ముప్పే. కర్ర జారిన చోట చేత్తోనే ఇసుక తీశారు. కూజా ఆకారపు గుంత, మోచేతి లోతు. తెల్లగా, గుండ్రంగా, ఇంకా జిగురు ఆరని గుడ్లు. ఒక్కో గుంతలో నూరు నుంచి నూట ఇరవై దాకా ఉండడం మామూలు.

ఈ గుడ్లను హ్యాచరీకి, అంటే కంచె కట్టి కాపాడే ఇసుక మడికి, తరలించాలి. ఇక్కడి నుంచి గడియారమే ముఖ్యం. పెట్టిన కొద్ది గంటలకే పిండం గుడ్డు పైభాగపు పొరకి అతుక్కోవడం మొదలవుతుంది. ఆ తర్వాత గుడ్డు తిరగబడితే పిండం చనిపోతుంది. అందుకే ఆరు గంటల్లోపు, వీలైతే రెండు గంటల్లోనే, కొత్త గుంతలోకి చేర్చాలి. గుడ్డును ఎలా తీశారో అలాగే, దొర్లించకుండా, పాత గుంత తడి ఇసుకతో కలిపి బుట్టలో పెట్టాలి. ఈ కుర్రాళ్లు బుట్టను బండి మీద పెట్టరు, కుదుపులకి భయపడి చేత్తోనే మోస్తారు. తెల్లారాక ఎండలో, గోతాంలో తెచ్చిన గుడ్లను ఎంత బాగా పాతిపెట్టినా లాభం ఉండదు. ఎన్ని గుడ్లు సేకరించామన్న లెక్క కంటే ఎంత త్వరగా, ఎంత మెత్తగా తెచ్చామన్నదే పని తీరు చెబుతుందని నా నమ్మకం.

అసలు పోటు నీరు అందని చోట, కుక్కలూ నక్కలూ తిరగని చోట గుడ్లను కదపకపోవడమే మేలు. మీద వల కప్పి, చుట్టూ కర్రలు పాతి కాపలా కాస్తే చాలు. అది కుదరనప్పుడే హ్యాచరీ.

ఇక్కడి హ్యాచరీ అంటే పోటు గీతకి పైన, వల కంచె కట్టిన ఇసుక మడి. కంచె అడుగు ఇసుకలోకి లోతుగా దిగాలి, లేకపోతే పీతలు కింద నుంచి దూరతాయి. గుంత లోతు 45 సెంటీమీటర్లు. మెడ సన్నగా, అడుగు వెడల్పుగా ఉండాలి. గుంతకీ గుంతకీ మధ్య మీటరు దూరం. గుడ్ల మీద ముందు తడి ఇసుక, పైన పొడి ఇసుక. ఏటా మడిని కొత్త ఇసుకలోకి మార్చాలి. పాత పెంకులున్న ఇసుకలో బూజు పెరిగి కొత్త గుడ్లు కుళ్లిపోతాయి.

వేడి సంగతి మరీ సున్నితం. పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడే తేలుస్తుంది. చల్లగా ఉంటే మగవి ఎక్కువ, వెచ్చగా ఉంటే ఆడవి ఎక్కువ, మరీ కాగితే గుడ్లే చస్తాయి. అందుకే మార్చి ఎండలు ముదిరాక పైన తాటాకు పందిరి వేస్తారు. అలాగని బిందెలతో నీళ్లు పోస్తే గుడ్లకి గాలి ఆడదు.

నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు పైకొస్తాయి, ఎక్కువగా రాత్రే. అప్పుడే వదలాలి. వాటి ఒంట్లో ఉన్న బలమంతా మొదటి రోజు ఆగకుండా ఈది లోతు నీళ్లు చేరడానికే. ఫొటోల కోసం, అతిథుల కోసం పొద్దున్నదాకా తొట్టిలో ఉంచితే ఆ బలం అక్కడే తరిగిపోతుంది. ఈ అలవాటు మానాలి. నీళ్లకి కాస్త దూరంలో ఇసుక మీద వదిలి, వాటంతట అవే నడిచి వెళ్లనివ్వాలి. రోజూ ఒకే చోట వదిలితే చేపలు అక్కడే కాపు కాస్తాయి కాబట్టి చోటు మార్చాలి.

తిరుగు నడకలో ఒడ్డున చచ్చిన తాబేలు కనిపించింది. ఒంటి మీద గాయం లేదు. తాబేలు నీళ్లపైకి వచ్చి గాలి పీల్చుకోవాలి. మరబోట్ల వలలో చిక్కి ఎక్కువసేపు ఉంటే ఊపిరాడక చస్తుంది. మరబోట్లు ఈడ్చుకెళ్లే ట్రాల్ వలకి కడ్డీల చట్రం, దాని ముందు తప్పించుకునే దారి పెడితే చాలావరకు బయటపడతాయి. వలలో పడ్డది కదలకపోయినా చచ్చిందనుకోకూడదు. బోల్తా కాకుండా పొట్ట మీద పడుకోబెట్టి, వెనక భాగం జానెడు ఎత్తులో ఉంచి, నీడలో తడిగుడ్డ కప్పాలి. ముక్కు మాత్రం కప్పకూడదు. నీళ్లు కారిపోయి తేరుకోవడానికి కొన్ని గంటలు, ఒక్కోసారి రోజంతా పడుతుంది. తేరుకున్నాక ఇంజను ఆపి, వల లేని వైపు నుంచి నీళ్లలోకి మెల్లగా జార్చాలి.