జాతర కుంకుమ, కొండ మంచు: 50 ఎంఎం లెన్స్ వాడకం

50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ రంధ్రం అంత పెద్దది) కొన్న వారానికే చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "మసగ్గా వస్తోంది, పీస్ బాగాలేదేమో." పీస్ బాగాలేకపోవడం అరుదు. తప్పు ఫోకస్ చేసే తీరులోనో, వెనక గాజు మీదో ఉంటుంది.

ముందు లెక్క చూడండి. ఏపీఎస్‌సీ అనే చిన్న సెన్సర్ ఉన్న బాడీకి (దీన్నే క్రాప్ బాడీ అంటారు) తగిలించి, మీటరు దూరంలో కూర్చున్న మనిషిని ఎఫ్ 1.8లో తీస్తే స్పష్టంగా వచ్చే లోతు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. కంటి మీద ఫోకస్ పడితే చెవి మసకే. మధ్య ఫోకస్ పాయింటుతో లాక్ చేసి ఆ తర్వాత ఫ్రేము పక్కకి జరిపారంటే ఆ రెండున్నరా అక్కడే చేజారుతుంది. ఒకే పాయింటు పెట్టుకుని దాన్నే కంటి మీదికి జరపండి.

అప్పటికీ అనుమానం తీరకపోతే గోడకి ఒక దినపత్రిక అంటించండి. రెండు మీటర్ల దూరంలో ట్రైపాడ్ మీద డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాని గోడకి సమాంతరంగా నిలబెట్టి, ఎఫ్ 1.8లోనే వ్యూఫైండర్‌తో ఒకటి, లైవ్ వ్యూతో, అంటే వెనక తెర మీద చూస్తూ ఒకటి తీయండి. లైవ్ వ్యూలో అక్షరాలు తేటగా ఉండి వ్యూఫైండర్‌లో చెదిరితే గాజుకి ఏ రోగమూ లేదు, బాడీ ఫోకస్ సర్దుబాటులో తేడా ఉంది. రెండూ బాగుంటే వణికింది చెయ్యి. పేజీ ఒకవైపు బాగుండి రెండోవైపు మాత్రమే ప్రతిసారీ చెదిరితే లోపల గాజు పక్కకి ఒరిగింది, అప్పుడు సర్వీసుకి ఇవ్వాల్సిందే.

ఈ లెన్సుల్లో చాలావాటికి చేతి వణుకుని సర్దే స్టెబిలైజర్ ఉండదు. కెనాన్ క్రాప్ బాడీ మీద 50 అంటే 80 ఎంఎం చూపు, నికాన్ మీద 75. అందుకే షట్టర్ వేగం 1/80 సెకను కన్నా దిగకూడదు. ఎదురుగా మనిషి కదులుతుంటే 1/125 కనీసం. ఆటో ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వాన్ని వెలుతురుని బట్టి కెమెరాయే మార్చుకోవడం) పెట్టి ఆ వేగాన్ని కట్టేసుకోండి.

ఎఫ్ 1.8 చీకటి కోసం దాచుకోవాల్సిన అంకె అని నా అభిప్రాయం. మే నెల మిట్టమధ్యాహ్నం ఐఎస్‌ఓ 100 దగ్గర దానికి దాదాపు 1/8000 కావాలి, చవక బాడీలు 1/4000 దగ్గరే ఆగిపోతాయి, ఫొటో తెల్లబోతుంది. ఎఫ్ 2.8 పెడితే 1/3200తో పని జరిగిపోతుంది, పదునూ పెరుగుతుంది. ఎఫ్ 16 వైపు మాత్రం పోవద్దు, అక్కడ చిన్న రంధ్రంలో కాంతి చెదరడం (డిఫ్రాక్షన్) వల్ల వివరం మళ్లీ మెత్తబడుతుంది.

గోపురాలకి ఇది పనికొచ్చే లెన్స్ కాదు. తిరుపతి గోవిందరాజస్వామి గుడి తూర్పు గోపురం 50 మీటర్ల ఎత్తు. క్రాప్ బాడీని నిలువుగా పట్టుకున్నా, అడుగు నుంచి కలశాల దాకా ఒక్క ఫ్రేములో రావాలంటే వంద మీటర్లకు పైగా వెనక్కి నడవాలి. ఆ వీధిలో అంత చోటు ఎక్కడ? శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే చేతిని తీయమనండి, అప్పుడు దీని గొప్ప తెలుస్తుంది.

భక్తులు వేషాలు కట్టే తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఈ లెన్స్‌కి అసలు పరీక్ష. బైరాగి వేషంలో ఒంటినిండా తెల్లని నాముకొమ్ము. కెమెరా మీటరు ఆ తెలుపుని బూడిద రంగు చేసేస్తుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +2/3 నుంచి +1 ఇవ్వాలి. తోటి వేషంలో బొగ్గుపొడి, అక్కడ −2/3. బండ వేషం కుంకుమతో ఇంకో చిక్కు: మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడల గ్రాఫు) బాగానే కనిపిస్తుంది, ఎరుపు చానెల్ ఒక్కటే హద్దు దాటిపోయి ముఖం మీద గీతలన్నీ కలిసిపోతాయి. రంగుల హిస్టోగ్రామ్ పెట్టి చూసుకోండి. రాత్రి ఎల్‌ఈడీ దీపాల కింద ఫొటోలో చారలు పడితే షట్టర్ 1/100కి తీసుకురండి. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక దీపాలు సెకనుకి వందసార్లు రెపరెపలాడతాయి.

ఆ కుంకుమా పసుపూ బొగ్గూ లెన్స్ మీదికీ వస్తాయి. అక్కడ లెన్స్ మార్చొద్దు, హుడ్ తీయొద్దు. ఇంటికొచ్చాక కెమెరాని కిందికి వంచి రబ్బరు బ్లోయర్‌తో పది పన్నెండుసార్లు ఊదండి. నోటితో ఊదితే తుంపర పడుతుంది. తర్వాత మెత్తని బ్రష్. గుడ్డ చివరికి. పొడి పోకముందే గుడ్డ పెట్టారా, పొడిలో ఉన్న ఇసుకరేణువుతో కోటింగ్‌ని మీరే గీసినట్టు. లెన్స్ ద్రావణం రెండు చుక్కలు గుడ్డ మీదే వేయండి. గాజు మీద వేస్తే అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. మధ్య నుంచి అంచుకి, గుండ్రంగా, ఒత్తకుండా తుడవండి. చొక్కా అంచు, పంచె కొంగు లెక్కలోకి రావు.

ముందు గాజు మీద చిన్న మచ్చకి కంగారు వద్దు. వెనక గాజు మీద వేలిముద్ర పడితే మాత్రం ఫొటో అంతా పాలు కలిసినట్టు తేలిపోతుంది. దాని పక్కన ఉన్న బంగారు రంగు కాంటాక్టుల్ని పొడి గుడ్డతో తుడిస్తే చాలు. కెనాన్‌లో "ఎర్ర్ 01" వస్తే మొదట చేయాల్సింది అదే. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే ఆ బంగారు పూత పోతుంది.

కెనాన్ 50 ఎంఎం ఎస్‌టీఎం లెన్స్‌లో ముందు గొట్టం బయటికి వస్తూ పోతూ ఉంటుంది. దూరంగా ఉన్నదాని మీద ఫోకస్ చేసి గొట్టం లోపలికి పోయాకే ఆఫ్ చేయండి. బయటికి ఉన్నదాన్ని బ్యాగులో కుక్కితే లోపలి గేర్లు దెబ్బతింటాయి.

ఏసీ గదిలో చల్లబడిన లెన్స్‌ని ఉక్కలోకి ఒక్కసారిగా తీస్తే గాజు చెమర్చుతుంది. బ్యాగు జిప్పు తీయకుండా అరగంట ఉంచండి. కొండ మీద మంచులో తడిసినదాన్ని గాలికి బాగా ఆరనిచ్చాకే పెట్టెలో పెట్టాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో ఫంగస్‌కి పండగ. గాలి బిగిసే ప్లాస్టిక్ డబ్బా, తేమ కొలిచే రెండు మూడు వందల రూపాయల హైగ్రోమీటరు, నారింజ రంగు సిలికా జెల్ ఉంటే చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య నిలవాలి. 60 దాటి రోజుల తరబడి ఉంటే ప్రమాదం, 30 కన్నా దిగనివ్వడమూ అంత మంచిది కాదు. గింజల రంగు మారాక 110 నుంచి 120 డిగ్రీల్లో వేడిచేసి మళ్లీ వాడొచ్చు. నీలం గింజల్లో కోబాల్ట్ ఉంటుంది, వంటకి వాడే పాత్రలో వేయించొద్దు. నెలకోసారి వెనక నుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే అది ఫంగసే. బియ్యం డబ్బాలో పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. బియ్యం తేమని పెద్దగా లాగదు, తవుడు మాత్రం ఫోకస్ రింగు సందుల్లోకి చేరుతుంది.