ఆదివారం పొద్దున్నే వచ్చే ఆ కాల్స్

మేముండేది టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో. ఇల్లు కొన్నప్పటి నుంచి సోలార్ ప్యానెల్స్ పెట్టించుకోమని ఒకటే ఫోన్లు. నాన్నకు ఒంట్లో బాగాలేదు, ఊళ్లో తమ్ముడి దగ్గర ఉన్నారు. అమ్మ నా దగ్గర ఉంది. ఫోన్ మోగితే చాలు, ఆమెకు టెన్షన్. "కొత్త నంబరైనా ఎత్తమ్మా, అక్కడి నుంచేమో" అనేది. అందుకే తెలియని నంబర్లను బ్లాక్ చేయలేకపోయాను.

అమ్మకాల కాల్స్ వద్దనుకునేవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే జాబితా, డు నాట్ కాల్ రిజిస్ట్రీలో నా నంబరు ఎప్పుడో నమోదు చేశాను. నమోదయ్యాక కాల్స్ మానడానికి అమ్మేవాళ్లకిచ్చే 31 రోజుల గడువూ దాటింది. కానీ ఆ రిజిస్ట్రీ కాల్స్‌ని తనంతట తాను ఆపదు. జాబితా చూసుకుని మానుకోవాల్సింది అమ్మేవాళ్లే. మానుకోకపోతే మనమే అడగాలి.

టెక్సాస్ చట్టం చదివాను. అమ్మకాల కాల్స్ ఆదివారం మధ్యాహ్నం 12 లోపు, మిగతా రోజుల్లో ఉదయం 9 లోపు చేయకూడదు. ఫోన్లో అమ్మే కంపెనీలు చాలావరకు రాష్ట్ర ప్రభుత్వ అధికారి అయిన సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర నమోదై, 10,000 డాలర్ల డిపాజిట్ పెట్టాలి. 2025 సెప్టెంబర్ 1 నుంచి అమ్మకాల మెసేజ్‌లూ ఈ నమోదు చట్టం కిందకు వచ్చాయి.

అసలు కష్టం ఎవరు చేస్తున్నారో కనుక్కోవడం. నంబరు రోజుకొకటి. కోపంగా పెట్టేస్తే ఏమీ తెలియదు. అందుకని ఒకరోజు నెమ్మదిగా మాట్లాడి, వివరాలు మెయిల్ చేయమన్నాను. పంపారు. కంపెనీ పూర్తి పేరు అందులో దొరికింది. ఇక చేయొద్దని జవాబు రాశాను. నోట్‌బుక్‌లో తేదీ, టైము, నంబరు, వాళ్లన్న మాటలు రాస్తూ వచ్చాను. ఆ తర్వాతి ఆరు వారాల్లో పదకొండు కాల్స్. అందులో రెండు ఆదివారం పొద్దున్నే!

అందినట్టు రుజువుండే సర్టిఫైడ్ మెయిల్‌లో ఆ కంపెనీకి ఉత్తరం పంపాను. 1991 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ఒక్కో కాల్‌కు 500 డాలర్ల దాకా, కావాలని చేస్తే 1,500 దాకా అడగవచ్చు. జవాబు రాలేదు. కౌంటీ జస్టిస్ కోర్టులో కేసు వేశాను. 20,000 డాలర్ల లోపు దావా అయితే అక్కడ చాలు, లాయర్ లేకుండా మనమే వేసుకోవచ్చు.

సమన్లు అందిన 14 రోజుల్లోగా వాళ్లు జవాబివ్వాలి. పదో రోజున వాళ్ల లాయర్ రాజీకి వచ్చాడు. డబ్బు సంగతి తేలాక, ఆ ఒప్పందంలో ఇక కాల్ చేయకూడని నంబర్లుగా మా ఇంట్లోని మూడూ రాయించాను, అమ్మ ప్రీపెయిడ్ సిమ్‌తో సహా.