మీటరు అరవై చూపించిన రోజు

రోహిణి కార్తె. పొద్దున ఏడింటికే బ్యారేజీ మీద గాలి వేడెక్కిపోయింది. పటమట నుంచి బండి మీద ఉండవల్లి సెంటరుకొచ్చి, టీ తాగి కరకట్ట ఎక్కేసరికి చొక్కా వీపుకి అతుక్కుంది. వెంకటపాలెం అవతల ఒక సైటులో ప్రొక్లెయిన్ మూడు రోజులుగా మొరాయిస్తోందని రాత్రి ఓనరు ఫోన్ చేశాడు. (మట్టి తవ్వే బండి ఏ కంపెనీదైనా సరే, మా వైపు అందరికీ అది ప్రొక్లెయినే.) "కంట్రోలర్ పోయిందంట, మార్చాలంట. నువ్వొకసారి చూసి చెప్పు" అన్నాడు. ఆ మాట అన్నదెవరో నేను అడగలేదు. కంట్రోలర్ అంటే బండిని నడిపే కంప్యూటరు, లక్షల్లో మాట. మార్చెయ్యమనడానికేం, డబ్బు మనది కాదు కదా.

బండి తీరు ఇదీ. తవ్వుతూ తవ్వుతూ ఉండగా మానిటర్ మీద కమ్యూనికేషన్ ఎర్రర్ పడుతుంది. ఇంజిన్ ఐడిలింగ్‌కి పడిపోతుంది, బూమ్, అంటే బండి పెద్ద చెయ్యి, జ్వరమొచ్చినదానిలా లేస్తుంది. కీ ఆపి మళ్ళీ వేస్తే ఏమీ ఎరగనట్టు పని చేస్తుంది. స్కానర్ పెడితే ఇంజిన్ కంప్యూటరు ఈసీఎంలో 639 అని కోడు, పక్కన 9. అంటే రావలసిన మెసేజీలు టైముకి రావట్లేదని. హైడ్రాలిక్ కంట్రోలర్‌ని అడిగితే ఇంజిన్ మాట్లాడట్లేదంటుంది. మానిటర్‌ని అడిగితే ఇద్దరూ మాట్లాడట్లేదంటుంది. ముగ్గురు తోడికోడళ్ళున్న ఇల్లు. అందరూ కూడబలుక్కుని ఒకరి మీదే చెబితే ఆ ఒకర్ని అనుమానించాలి. ఇట్టా ఎవరికి వాళ్ళు మిగతావాళ్ళ మీద చెబుతుంటే ముందు మధ్యలో ఉన్న వైర్లు చూడాలి.

ఆ వైర్లు రెండే, కంప్యూటర్లన్నీ వాటి మీదే మాట్లాడుకుంటాయి. ఆ పద్ధతి పేరు క్యాన్. పసుపు క్యాన్ హై, ఆకుపచ్చ క్యాన్ లో. నేను ఆటోనగర్‌లో టెస్ట్ ల్యాంపు పట్టుకుని పని నేర్చుకున్న బండ్లలో ఒక్కో పనికి ఒక్కో వైరు, యాక్సిలరేటర్‌కి తీగ. బాష్ వాళ్ళు 1986లో కార్ల కోసం బయటపెట్టిన ఈ క్యాన్ పద్ధతి తర్వాత మట్టి తవ్వే బండ్లలోకీ వచ్చేసింది. ఇప్పుడు ఈ రెండు వైర్ల మీదే సెకనుకి రెండున్నర లక్షల బిట్లు పోతుంటాయి. రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి. బ్యాటరీ కట్ చేసి, తొమ్మిది పిన్నుల డయాగ్నస్టిక్ కనెక్టర్‌లో సీ పిన్నుకీ డీ పిన్నుకీ మీటరు పెడితే, రెండూ ప్యారలల్ కాబట్టి 60 రావాలి. 120 వస్తే ఎక్కడో ఒకవైపు తెగినట్టు. సున్నా దగ్గరికొస్తే రెండు వైర్లూ కలిసిపోయినట్టు.

నాకు 60.2 వచ్చింది.

అంతే, వైర్ల మాట మర్చిపోయాను. ఇరవై ఏళ్ళ సర్వీసున్న నాబోటి వాళ్ళకి ఇదొక జబ్బు. లెక్క సరిపోయిందంటే ఆ పేజీ ఇక తిప్పం. కీ ఆన్ చేసి బాడీకి ఓల్టేజీ చూస్తే పసుపులో 2.7, ఆకుపచ్చలో 2.3. ఇంకేం, వైర్లు బంగారం. ఈసీఎం ఎర్త్ విప్పి గీకించాను. కనెక్టర్లు ఒక్కోటీ తీసి స్ప్రే కొట్టించాను. ఫ్యూజులు, రిలేలు చూశాను. నాతో వచ్చిన కుర్రాడు పాపం చెమటలో స్నానం చేసినట్టున్నాడు. రేకు మీద చెయ్యి పెడితే చర్మం ఊడొచ్చేట్టుంది. తర్వాత నేనే సీట్లో కూర్చుని ఇరవై నిమిషాలు తవ్వాను. ఎర్రర్ లేదు. దిగాను. ఆపరేటర్ ఎక్కిన అయిదు నిమిషాలకి ఇంజిన్ పడిపోయింది.

అతనిది శ్రీకాకుళం వైపు. "నువ్వు కూకుంటే రాదు, నాను కూకుంటే వస్తాది. ఏటన్నా ఇది?" అని నవ్వాడు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. నా బరువు యాభై ఎనిమిది. అతను తొంభైకి పైనే ఉంటాడు. పైగా నేను సీటు అంచున నిటారుగా కూర్చుంటాను, అతను వెనక్కి జారబడతాడు.

మళ్ళీ బ్యాటరీ కట్ చేసి మీటరు బీప్‌లో పెట్టాను, పెట్టిన రెండు చోట్లూ కలిస్తే కూస్తుంది. ఒక వైరు సీ పిన్నుకి, రెండోది బాడీకి. "ఎప్పుడూ కూర్చున్నట్టే కూర్చో" అన్నాను. చప్పుడు లేదు. "వెనక్కి వాలు." బీప్. లేస్తే ఆగింది. వాలితే మళ్ళీ బీప్. కుర్రాడికి ఇది భలే సరదాగా ఉంది, నాలుగుసార్లు వాలించాడు.

సీటు వెనక ప్యానెల్ మీద చిన్న ఫ్యాను ఉంది. పొద్దుటి నుంచీ కళ్ళెదుటే తిరుగుతోంది. దాన్ని బిగించిన పొడుగు స్క్రూ ప్యానెల్ దాటి, లూమ్‌ని, అంటే వైర్ల కట్టని, ఒరుసుకుంటూ వెళ్ళి క్యాబిన్ రేకులో దిగింది. సీటు ప్యానెల్‌ని నొక్కినప్పుడల్లా లూమ్ స్క్రూకి ఒత్తుకుంటోంది. పసుపు వైరు తోలు లేచిన చోట రాగి బాడీకి తగులుతోంది. పసుపు బాడీకి తగిలాక ఇక అందరికీ మూగనోమే. పసుపుకీ ఆకుపచ్చకీ మధ్య రెసిస్టర్లకి మాత్రం ఏమీ కాలేదు, అందుకే మీటరు దర్జాగా 60 చూపించింది. బాడీకి కూడా బీప్ పెట్టి చూసి ఉంటే, అదీ మనిషిని కూర్చోబెట్టి, ఎనిమిదిన్నరకే ఇంటిదారి పట్టేవాణ్ణి.

దెబ్బతిన్న ముక్క కోసి, స్లీవ్ క్రింప్ చేసి, హీట్ ష్రింక్ వేసి, విప్పిన మెలిక మళ్ళీ వేశాను. "మెలిక ఎందుకన్నా, ఊరికే కలిపేస్తే పోదా?" అన్నాడు కుర్రాడు. ఆల్టర్నేటర్ నుంచో ఇంకెక్కడి నుంచో వచ్చే గోల మెలేసిన రెండు వైర్ల మీదా ఒకేలా పడుతుంది, కంట్రోలర్ చూసేది రెండింటి మధ్య తేడానే కాబట్టి ఆ గోల దానికి వినపడదు అని చెప్పాను. తలూపాడు. అర్థమైందో, ఆకలేసిందో.

ఫ్యాను ఎవరు పెట్టారని అడిగితే ఆపరేటర్ నేల చూపులు చూశాడు. ఏసీలో గ్యాస్ పోయి రెండు నెలలైందట. ఓనరు రేపు, ఎల్లుండి అంటున్నాడట. సొంత డబ్బులతో ఫ్యాను కొని అయిదు రోజుల కింద బిగించుకున్నాడు. ఈ ఎండలో, నాలుగు వైపులా అద్దాలున్న ఆ డబ్బాలో పది గంటలు కూర్చునేవాణ్ణి ఏమంటాం?

ఓనరుకి ఫోన్ చేసి "వైరు రాసుకుపోయింది, చేశాను, కంట్రోలర్ బాగానే ఉంది" అన్నాను. ఫ్యాను మాట ఎత్తలేదు. ఏసీ గ్యాస్ మాట ఎత్తాను. "చూద్దాంలే" అన్నాడు. కంట్రోలర్ ఖర్చు తప్పిందన్న సంతోషం నా బిల్లు చెప్పేదాకే ఉంది. రెండు వైర్లు అతికినందుకు అంతా అని బేరమాడి అయిదొందలు తగ్గించాడు.

మధ్యాహ్నం పెరుగన్నం, మాగాయ తిని ఇంకో గంట అక్కడే ఉన్నాను. ఆపరేటర్ ఎంత వాలినా ఇంజిన్ పడిపోలేదు. ఫ్యాను మాత్రం ఇప్పుడు లోపలి కడ్డీకి బైండింగ్ వైరుతో కట్టి ఉంది, కాస్త వంకరగా.

రాత్రి సామాను సర్దుతుంటే మీటరు ఎర్ర వైరు కనపడలేదు. ఆ సీ పిన్నులోనే ఉండిపోయినట్టుంది. పొద్దున్నే మళ్ళీ కరకట్ట ఎక్కాలి.