రివర్స్ చూసినావా ప్పా

మేము చేత్తో కట్టిన రిమోట్ విమానం తెల్లపిట్ట పడిపోయింది. ముందే చెప్పేస్తున్నా, లేకపోతే చదివినంతసేపూ మీకు అదే టెన్షన్. ఎడమ రెక్కలో 4 రిబ్బులు, అంటే రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పుల్లలు, వాటిని కలిపే పొడుగు పుల్ల స్పారు, ప్రొపెల్లరు పోయాయి. మోటారు షాఫ్టు వంగింది. బ్యాటరీ పైకి బాగానే కనిపిస్తోంది గానీ, దెబ్బ తగిలిన లిథియం పాలిమర్ బ్యాటరీని నమ్మడానికి లేదు. లోపల పొర చిరిగి ఉంటే గంటల తర్వాత కూడా అంటుకోవచ్చు. అందుకే పెరట్లో ఇసుక బకెట్లో పెట్టి వచ్చాను. మా ఇంటామె కిటికీలోంచి రెండుసార్లు ఆ బకెట్టు వైపు చూసింది. నన్నేమీ అడక్కుండా పోయి పడుకుంది.

పదకొండు దాటింది. నిద్ర రావడం లేదు. విమానం పోయినందుకు కాదు, విమానాలు పడతాయి, అది మాకు కొత్త కాదు. నాతో కలిసి విమానాలు కట్టే వైండింగ్ అన్న, మోటార్లు చుట్టే షాపాయన, ఈ రాత్రి వాయిస్ నోటు పంపాడు. 43 సెకన్లు. ఆయన టైపు చెయ్యడు. వెనక తీగ చుట్టే బాబిన్ మిషన్ తిరుగుతున్న చప్పుడు. ఆదివారం రాత్రి కూడా ఎవరిదో బోరు మోటారు కాలిపోయి వచ్చి ఉంటుంది. ఇప్పటికి ఐదుసార్లు విన్నాను. అందులో ఏముందో తర్వాత చెప్తా. ముందు ఆ బైకు మనిషి సంగతి చెప్పాలి, పొద్దుటి నుంచి కడుపులో మండుతోంది.

పొద్దున ఆరున్నరకే అనంతపురం బయట కళ్యాణదుర్గం రోడ్డు చేనికి చేరాం. కంది కోసేశారు, నేలంతా ఖాళీ. గాలి లేదు. ఎనిమిది దాటితే మొదలవుతుంది కాబట్టి మాకు దొరికేది గంటన్నర. నేను రెక్కను రబ్బరు బ్యాండ్లతో బిగిస్తున్నాను. అప్పుడు రోడ్డు మీద పోతున్న ఒకాయన బైకు ఆపి, గట్టు దాటి నేరుగా మా దగ్గరికే వచ్చాడు.

"డ్రోనా?"

కాదండీ, విమానం అన్నాను.

"కెమెరా యాడుండాది?"

కెమెరా లేదన్నాను.

"కెమెరా లేకుంటే మరి ఎందుకు?"

ఈ ప్రశ్న నాకు ఎనిమిదేళ్ళుగా ఎదురవుతోంది. ఆఫీసులో అడిగారు, పెళ్ళిళ్ళలో అడిగారు, మా బావమరిది ఇప్పటికీ అడుగుతాడు. అంత కష్టపడి కట్టింది ఎగిరితే అది చాలదా? దాంతో ఏదో ఒకటి తీయాలా, ఏదో ఒకటి మోయాలా, ఎంతో కొంత రావాలా? నాకు డ్రోన్ల మీద ద్వేషం లేదు. చేలల్లో మందు కొట్టడానికి అవి చేసే పని చూస్తే ముచ్చటేస్తుంది. కానీ అది వేరు, ఇది వేరు. డ్రోను రిమోట్ స్టిక్కులు వదిలేసినా గాలిలో నిలబడుతుంది, లోపల గైరో, జీపీఎస్ చూసుకుంటాయి. మా తెల్లపిట్టలో అవేవీ లేవు. ముందుకు పోతుంటేనే దాని రెక్కకు బలం. వేగం తగ్గితే జారిపోతుంది. ఎగిరినంతసేపూ దాన్ని పట్టుకుని ఉండేది మన రెండు బొటనవేళ్ళే. ఇదంతా ఆయనకు చెప్పడం మొదలుపెట్టాను. ఎందుకు మొదలుపెట్టానో! ఆయన వినడం లేదు, ఫోన్ తీసి వీడియో తీస్తున్నాడు.

"పోలీసోళ్ళు పట్టుకోరా?" అన్నాడు. దానికీ జవాబు చెప్పాను. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 2 కేజీల లోపు ఉన్నదాన్ని వ్యాపారానికి కాకుండా ఎగరేసుకుంటే పైలట్ లైసెన్సు అక్కర్లేదు, గ్రీన్ జోన్లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోట, 400 అడుగుల ఎత్తు దాకా పోవచ్చు, మాది 1.1 కేజీ, మేము 200 అడుగులు కూడా దాటం. చెప్తూ చెప్తూ నా గొంతు లేచింది. అన్న అప్పటికే విమానం చేతిలోకి తీసుకుని ఇరవై అడుగుల అవతల నిలబడి ఉన్నాడు. విసిరేది ఎప్పుడూ ఆయనే, నడిపేది నేను. అక్కడి నుంచే అడిగాడు.

"రివర్స్ చూసినావా ప్పా?"

నేను బైకు మనిషి వైపే తిరిగి ఉన్నాను. "ఆ, చూసినా అన్నా" అన్నాను.

చూడలేదు.

ఇక్కడ కొంచెం వివరం కావాలి. శుక్రవారం రెక్క మధ్యలో ఉండే సర్వో పళ్ళు పోయాయి. అదే 9 గ్రాముల చిన్న మోటారు, రెండు రెక్కల చివర రేకుల్ని పైకీ కిందికీ కదిపేది. శనివారం రాత్రి అన్న తన షాపులో వేరే కంపెనీ సర్వో బిగించాడు. కొన్ని సర్వోలు ఒకే సిగ్నల్‌కు ఒకదానికొకటి ఎదురు దిక్కులో తిరుగుతాయి. అట్లాంటప్పుడు రిమోట్లో ఆ చానల్‌ను రివర్స్ చేసుకుంటే సరిపోతుంది. ఒక్క బటను పని. విమానం వెనక నిలబడి స్టిక్కును కుడికి నొక్కితే కుడి రేకు పైకి లేవాలి, ఎడమది దిగాలి. చూడటానికి ఐదు సెకన్లు చాలు. "రిమోట్ నీ దగ్గరుండాది, పొద్దున చేన్లో నువ్వు చూసుకోవల్ల" అని రాత్రే చెప్పాడు అన్న.

విసిరాడు. బాగా విసిరాడు, ఎప్పటిలాగే కొంచెం పైకి. ఎడమ రెక్క కాస్త వాలింది. కుడికి నొక్కాను. ఇంకా వాలింది. ఇంకా నొక్కాను. మనిషి మెదడు ఆ రెండు సెకన్లలో వేరే ఏమీ ఆలోచించలేదు. తప్పు వైపు పోతోంది కాబట్టి ఇంకా గట్టిగా నొక్కుతుంది. రెక్క నిలువుగా నిలబడింది, అంతే, నేల. బాల్సా చెక్క విరిగే చప్పుడు పెద్దగా ఉండదు. ఎండిన కంది కట్టె కాలి కింద విరిగినట్టు ఉంటుంది.

ఎన్ని నెలల పని అది! దసరా నుంచి సంక్రాంతి దాకా. మేము సన్‌బోర్డు అనే ఫోమ్ షీటు వదిలి బాల్సాతో కట్టిన మొదటి విమానం. ఈక్వెడార్ అడవుల్లో పెరిగే చెట్టు, చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు, టేకు ముక్క బరువులో నాలుగో వంతు ఉంటుందేమో. 22 రిబ్బులు అన్న బ్లేడుతో కోశాడు, ఒక్కొక్కదాన్నీ ముందుదాని మీద పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, వెలుగుకు పట్టుకుని చూసి. తెల్ల ఫిల్మును ఇస్త్రీ పెట్టెతో అంటించింది నేను. 

అన్న గురించి రాయాలంటే నాకు ఎప్పుడూ ఆ మొదటి మోటారే గుర్తొస్తుంది. 2017 డిసెంబరు. అప్పటికి ఆయన నాకు స్నేహితుడు కాదు. పాతూరులో మా ఇంటి బోరు మోటారు చుట్టిన మనిషి, అంతే. నేను ఇంట్లో సన్‌బోర్డుతో ఒక విమానం కట్టాను. మోటారు తిరుగుతోంది గానీ విమానం ముందుకు లాగడం లేదు, గాలి ముందుకే కొడుతోంది. రెండు రోజులు వీడియోలు చూశాను, ప్రోగ్రామింగ్ ఏదో తప్పు అనుకున్నాను. ఏదో సోల్డరింగ్ పని కోసం దాన్ని ఆయన షాపుకు పట్టుకుపోయాను. షాపులో కాలిన వార్నిష్ వాసన, గోడవారన సబ్‌మెర్సిబుల్ మోటార్లు వరసగా. ఈ జిల్లాలో బోరు లోతుకు పోయేకొద్దీ ఆ వరస పెరుగుతూనే ఉంది. ఆయన నా బొటనవేలంత మోటారును అరచేతిలో పెట్టుకుని చూశాడు. మూడు వైర్లు లెక్కపెట్టాడు.

"ఇది త్రీ ఫేజే కదప్పా. రెండు వైర్లు మార్చు, ఉల్టా తిరుగుతాది."

మార్చాడు. తిరిగింది. కాగితాలు ఎగిరిపోయాయి. బోరు మోటారు ఉల్టా తిరిగితే నీళ్ళు సన్నగా వస్తాయి, రైతు పరిగెత్తుకుంటూ వస్తాడు, రెండు ఫేజులు మారిస్తే సరి. ముప్పై ఏళ్ళుగా ఆయన చేస్తున్న పని అదే. నా చేతిలోది ఆయనకు కొత్త వస్తువు కాదు, తెలిసిన వస్తువు చిన్నదైపోయి వచ్చింది. "దీన్ని చుట్టింది ఎవరో గానీ చెయ్యి మంచిది" అన్నాడు, తీగ వరసల్ని చూస్తూ. ఆ తర్వాతి ఆదివారం షాపు మూసి నాతో వచ్చేశాడు.

ఆ రోజు చేను శెనక్కాయ పీకేసిన చేను. మధ్యమధ్య కంది సాళ్ళు ఇంకా నిలబడి ఉన్నాయి. నలుగురైదుగురు ఆడవాళ్ళు వంగి నేలలో మిగిలిపోయిన కాయలు ఏరుకుంటున్నారు. విమానం ఎగిరింది, నిజంగా ఎగిరింది, నేను దాన్ని తిప్పడం చేతకాక నేరుగా పోనిచ్చాను. అది పోయి పోయి ఎక్కడో కంది సాలులో పడింది. మేమిద్దరం అరగంట వెతికాం. ఎక్కడ చూసినా కంది చెట్లే, తల ఎత్తు. చివరికి ఆ ఆడవాళ్ళే ఒడిలో కాయలతోనే వరసగా విడిపోయి, ఒక్కో సాలు ఒక్కొక్కరు నడుచుకుంటూ పోయారు. పదినిమిషాల్లో ఒక పెద్దామె దాన్ని రెండు చేతులతో, కోడిపుంజును పట్టుకున్నట్టు పట్టుకుని వచ్చింది. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "ఇంగోసారి లేపండప్పా, మేము వంగి ఉండి సరిగా చూల్లేదు" అంది. తోక విరిగి ఉంది. అన్న టేపు చుట్టాడు. నేను రెక్క మీద తూకం చూస్తుంటే, అంటే ముందు అంచు నుంచి వెడల్పులో పావు వంతు దాటినచోట రెండు వేళ్ళు పెట్టి ఎత్తితే విమానం మట్టంగా నిలవాలి, ఆయన కూడా వంగి నా వేళ్ళనే చూశాడు. ఆ రోజు నుంచి తూకం నేనే చూస్తున్నాను, ఆయన పక్కన నిలబడి "ఊ" అంటాడు. ఇంకోసారి లేపాం. ఆడవాళ్ళు నడుములు నిటారుగా పెట్టి, చేతులు కళ్ళకడ్డం పెట్టుకుని చూశారు. ఎవరూ కెమెరా ఎక్కడ అని అడగలేదు.

ఇదిగో, మళ్ళీ బైకు మనిషి దగ్గరికే వచ్చాను. సాయంత్రం దాకా తప్పంతా ఆయనదే అనుకున్నాను. ఆయన రాకపోతే నేను చూసి ఉండేవాణ్ణి కదా అని. ఈ టపా మొదలుపెట్టినప్పుడు కూడా ఆయన్ని తిట్టాలనే కూర్చున్నాను. ఇప్పుడు రాస్తుంటే ఆ మాట నిలబడటం లేదు. విమానం పడగానే మొదట పరిగెత్తింది ఆయనే. ఫోను జేబులో పెట్టేసి, మెడలో టువ్వాల తీసి నేల మీద పరిచి, విరిగిన పుల్లలు ఒక్కొక్కటీ ఏరి అందులో వేశాడు. ప్రొపెల్లర్ నట్టు మట్టిలో పడితే అదీ వెతికి తెచ్చాడు. "మా పాప తొమ్మిదో తరగతి సార్, ఇట్లాంటివి అట్టముక్కల్తో చేస్తా ఉంటాది, పిల్చుకోనొస్తే చూపిస్తారా?" అని అడిగాడు. నేను ముఖం చిట్లించుకుని "చూద్దాం లెండి" అన్నాను. నంబరు కూడా తీసుకోలేదు. వీడియో తీసింది ఆ అమ్మాయికి చూపించడానికేనేమో. ఆదివారాలు మళ్ళీ అదే రోడ్డున వస్తాడో రాడో.

తిరిగొచ్చేటప్పుడు టవర్ క్లాక్ దగ్గర ఉగ్గాని, బజ్జి తిన్నాం. అన్న ఒక్క బజ్జి తిని ప్లేటు పక్కన పెట్టాడు. "సర్వో ఆర్మ్ నేను తప్పు పక్క బిగించినట్టుండాను. రాత్రిపూట, కండ్లు సరిగా ఆనల్యా" అన్నాడు. నాకు అప్పటికే తెలుసు. పడిన క్షణంలోనే తెలుసు, నా బొటనవేలికి తెలుసు. నేను ఉగ్గాని తింటూ ఉన్నాను. "పోనీలే అన్నా, ఎవరి చేత్తోనైనా జరుగుతాది" అన్నాను. అంటే ఆయన్ని క్షమించాను! చెయ్యని తప్పుకు ఆయన్ని నేను క్షమించాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే ఒళ్ళు మండుతోంది.

ఇక వాయిస్ నోటు. మూడు రిబ్బులు అప్పుడే కోసేశాడట, నాలుగోది రేపు. షాఫ్టు మార్చడం తేలికేనట. చివర్లో, బాబిన్ మిషన్ ఆపేసి చెప్పాడు: "నువ్వు చూసినా అన్నావు కాబట్టి, తప్పు నా చేతిలోనే ఉండాల. ఈ తూరి సర్వో నువ్వే బిగించు నాయనా. నా చూపు మీద నాకు నమ్మకం పోయింది."

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. వెంట్రుక మందం తీగను చూపుతో లెక్కపెట్టి చుట్టి బతికే మనిషి. ఆ చేతుల మీద, ఆ కళ్ళ మీద ఆయనకు నమ్మకం పోవడానికి నా ఒక్క "ఆ" చాలింది. విమానం గురించి అబద్ధం చెప్పాననుకున్నాను గానీ, అది పోయి ఆయన పనికే తగిలింది. రేపు ఎవరిదో పది హార్స్‌పవర్ మోటారు ముందు కూర్చుని ఆయన కళ్ళద్దాలు మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటాడని తలుచుకుంటే కూర్చోలేకపోతున్నాను.

పదకొండున్నరకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. పడుకుని ఉంటాడు. మెసేజ్ రాసి చెరిపేశాను, ఆయన మనవరాలు చదివి వినిపిస్తుంది, ఈ మాట ఆ పిల్ల నోటి నుంచి ఆయన వినకూడదు.

షాపు షట్టరు తొమ్మిదికి లేస్తుంది. ఎనిమిదిన్నరకే పోయి గడప మీద కూర్చుంటాను. ఆఫీసుకు లేటయితే కానీ. రిమోట్ బ్యాగులో పెట్టేశాను. ఆయన బిగించిన సర్వో రెక్కలో అట్లే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. ఆయన ముందే స్విచ్ వేసి, స్టిక్కు కుడికి నొక్కి, రేకు ఎటు కదులుతుందో చూపించి, తర్వాత ఆ బటను నొక్కుతాను.