ఐ డిడ్ వెంట్ అంట!

"సార్, నిన్న ఐ డిడ్ వెంట్ టు స్కూల్!" ఒంగోలు ట్యూషన్లో ఈ సాయంత్రం ఓ పదో తరగతి పిల్లాడి వాదన. పొయ్యాడో లేదో తర్వాత తేలుద్ది, ముందు ఆ వెంట్ సంగతి చూడాలి.

నొక్కి చెప్పడానికి డిడ్ పెట్టాక భూతకాలం బరువంతా డిడ్ మీదే. వెనకొచ్చే క్రియ మొదటి రూపంలోకి రావాల్సిందే: ఐ డిడ్ గో. షి సింగ్స్ చివరున్న ఎస్‌ని కూడా డజ్ లాగేసుకుంటుంది. మిగిలేది షి డజ్ సింగ్.

యామ్, ఈజ్, కెన్, విల్ ఉన్నచోట డూతో పన్లేదు, ఉన్నదాన్నే ఒత్తి పలకాలి. అప్పుడు 'ఐమ్ కమింగ్' అని కుదించకూడదు. 'ఐ యామ్ కమింగ్' అని యామ్ దగ్గర గొంతు లేవాలి. ఎదుటివాళ్లని ఏదన్నా చెయ్యమని చెప్పే మాటల్లో మాత్రం బీ ముందు కూడా డూ వస్తుంది: డూ బీ కేర్‌ఫుల్. పిల్లలు తికమకపడేది ఇక్కడే, పాపం.

గ్రామర్ కన్నా ఎక్కువ తప్పు జరిగేది వాడే సందర్భంలో. ఎదుటివాడు కాదన్నప్పుడో, అనుమానపడ్డప్పుడో వాడాలి. ఎవరూ అడక్కుండానే "ఐ డిడ్ ఈట్ ఇడ్లీ" అంటే, ఎవురు కాదన్నారబ్బయా అనాలనిపిస్తుంది. మనం "తిన్నాను గదా!" అని గదా మీద గట్టిగా పలికే చోట దాదాపు డిడ్ సరిపోద్ది.

పాఠం చెప్పేవాళ్లు బోర్డు మీద ఆ డిడ్ కింద గీత కొట్టండి. రాతలో ఒత్తు వినపడదు.